నిమ్మగింజ మీద విచారణ

విమానాల తనిఖీ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ తరగతిలో ఒక కథ చెబుతున్నారు. ఆంధ్రాలో ఎక్కడో పల్లెటూరి రైతులు మందు చల్లే విమానానికి పూజ చేసి దాని ముక్కు మీద కొబ్బరికాయ కొట్టారట. ముక్కు సొట్టపోయి విమానం కృష్ణలో పడిందట. పైలట్ ఈదుకుంటూ ఒడ్డుకొచ్చి రాజీనామా రాసిచ్చాడట. రిటైరయ్యాక నన్నొకసారి ఆ తరగతికి పిలిచి వెనక బెంచీలో కూర్చోబెట్టారు. కథ వినగానే అందరూ నవ్వారు. చెప్పినాయన బాగా చెప్పాడు గనక నేనూ నవ్వాను.

కాని అది కొబ్బరికాయ కాదు, నిమ్మకాయ. కృష్ణ కాదు, పత్తిచేను. పైలట్ రాజీనామా ఇవ్వలేదు, మజ్జిగ అడిగాడు. అన్నిటికంటే ముఖ్యంగా, తప్పు రైతులది కాదు. ఫైలులోనైనా సంగతి సరిగ్గా ఉంటుందా అంటే, విచారణ కాగితాలన్నీ పోయి అక్కడ మిగిలింది ఒక్క వాక్యం: "గొట్టములో అన్యపదార్థము కనుగొనబడినది." ఆ అన్యపదార్థం అక్కడికి ఎలా వచ్చిందో తెలిసినవాళ్లలో ముగ్గురమే మిగిలాం. అందులో ఇద్దరికి రాసే అలవాటు లేదు. కాబట్టి నేను రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. కొందరు పోయారు, కొందరికి మనవలున్నారు, ఒకాయనకు నాకంటే మంచి జ్ఞాపకశక్తి ఉంది.

మాది జగ్గయ్యపేట. నాన్న దర్జీ. కాజాలు కుట్టమని కూర్చోబెడితే నేను శాఖా గ్రంథాలయానికి పారిపోయేవాణ్ణి. అక్కడ ఒక విజ్ఞాన సర్వస్వం ఉండేది. దాన్ని ఇంటికి ఇవ్వకూడదని రూలు. అయినా లైబ్రేరియన్ గారు శనివారం సాయంత్రం ఒక సంపుటం సంచిలో పెట్టి ఇచ్చి, సోమవారం తలుపులు తీయకముందే తెమ్మనేవారు. అలా అన్నీ వరసగా చదివాను. మూడో సంపుటం ఒక్కటి లేదు, ఎవరో తీసుకెళ్లి తిరిగి ఇవ్వలేదు. అందులో ఏయే విషయాలు ఉండేవో వాటిలో నేను ఇప్పటికీ బలహీనుణ్ణే. మిగతా విషయాల్లో ఎవరైనా నన్ను ఏదైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తూ పెరిగాను. ఎవరూ అడిగేవారు కాదు. జరిగినదానికి అసలు కారణం ఇదే కాబట్టి ముందే చెబుతున్నాను.

పాలిటెక్నిక్ డిప్లొమాతో ప్రభుత్వ శాఖలో చేరి, పరీక్షలు రాసి, విమానాల మరమ్మతును తనిఖీ చేసే ఆఫీసరునయ్యాను. మావాళ్లకు ఈ ఉద్యోగం ఏమిటో చెప్పడం కష్టమైంది. విమానం నేను నడపను, బాగు చెయ్యను. బాగు చేసినవాడు సరిగ్గా చేశాడో లేదో చూసి సంతకం పెడతాను. "అంటే బ్రేకు ఇన్‌స్పెక్టరువన్నమాట" అని మా మేనమామ తేల్చేశాడు. రోడ్డు మీద లారీలు ఆపి కాగితాలు చూసే ఆఫీసరును మా వైపు అలాగే అంటారు. ఆ రోజు నుంచి బంధువులందరికీ నేను ఇమానాల బ్రేకు ఇన్‌స్పెక్టర్ని. విమానానికి బ్రేకులు ఉన్న మాట నిజమే, నేను వాటినీ చూస్తాను. కాబట్టి ఒప్పుకుని ఊరుకున్నాను.

ఎనభైల మొదట్లో నందిగామ తాలూకాలో పత్తి విరివిగా వేశారు. పురుగూ అంతే విరివిగా పట్టింది. మనుషులు వీపున డబ్బాలు కట్టుకుని కొడితే ఆగే పురుగు కాదది. ఒక ప్రైవేటు కంపెనీ మందు చల్లే విమానాన్ని తెచ్చి నందిగామకూ చందర్లపాడుకూ మధ్య గట్టి గరపనేల ఉన్న ఒక బీడులో దించింది. ఒకే సీటు, ఒకే ఇంజను, పైలట్‌కు ముందు మందు తొట్టి. ఆ బీడు ఒక పెద్దరైతుది. చుట్టుపక్కల పత్తి రైతులందరి తరఫునా కంపెనీతో మాట్లాడేది ఆయనే.

విమానం వెంట ఇద్దరుండేవారు. పైలట్ ఉత్తరాదివాడు. ఆయనకు వచ్చిన తెలుగు మాట మజ్జిగ ఒక్కటే. దానితోనే రెండు సీజన్లు గడిపాడు. రెండోవాడు ఇంజనీరు. ప్రతి ఉదయం విమానాన్ని పరీక్షించి, ఎగరడానికి యోగ్యంగా ఉందని సంతకం పెట్టేది ఇతనే. చందర్లపాడు దగ్గర పల్లెవాడు, తండ్రి మిషను బడిలో మాస్టారు. మద్రాసులో విమానాలు నిలిపే ఒక హ్యాంగరులో నేల తుడిచే పనితో మొదలుపెట్టి, ఏడేళ్లు చదివి, మూడుసార్లు పరీక్ష తప్పి, నాలుగోసారి లైసెన్సు సంపాదించాడు. మాస్టారు ఆ లైసెన్సు నకలుకు అద్దం కట్టించి గోడకు తగిలించారు. ఒకసారి భోజనానికి పిలిచినప్పుడు నేను చూశాను. దాని కింద కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు.

ఇంజనీరుకూ నాకూ వయసులో పెద్ద తేడా లేదు. పెద్దరైతు నన్ను "సారూ" అనేవాడు, అతన్ని "అబ్బాయ్" అనేవాడు. ఈ సంగతి ముగ్గురం గమనించాం.

ఆ ఏడాది దసరా ముందు నేను తనిఖీకి వచ్చాను. రెండు రోజులు చూశాను. విమానం శుభ్రంగా ఉంది, కాగితాలు అంతకంటే శుభ్రంగా ఉన్నాయి. సంతకం పెట్టాను. మూడు రోజులుగా ముసురు పట్టి విమానం లేవలేదు. రైతులు చేల గట్ల మీద నిలబడి ఆకాశం వైపూ కాయల వైపూ మార్చి మార్చి చూస్తున్నారు. మర్నాడు ఆయుధ పూజ. ఆ రోజు ఎలాగూ పనిముట్టు కదలదు. పెద్దరైతు బీడుకు వచ్చాడు.

"రేపు ఇమానానికి పూజ చెయ్యాలండి సారూ. ట్రాక్టరుకి చేస్తాం, మోటరుకి చేస్తాం, మా కోడలు కుట్టుమిషనుక్కూడా బొట్టు పెడద్ది. ఇంత పెద్ద పనిముట్టుని వదిలేస్తే ఏం బాగుంటది?"

"కుదరదండి" అన్నాడు ఇంజనీరు. "బయటోళ్లు విమానాన్ని ముట్టుకోకూడదు. రూలు."

"నీకు పట్టింపు లేకపోతే నువ్వు దూరంగా నుంచో అబ్బాయ్. మేం చేసుకుంటాం."

"పట్టింపు సంగతి కాదండి. మా పాస్టరుగారొచ్చి నూనె రాస్తానన్నా వద్దనే అంటా."

పెద్దరైతు నా వైపు తిరిగాడు. ఆయన వెనకాల ఇంకో పదిమంది నా వైపు తిరిగారు. నేను ఆ ప్రాంతంవాణ్ణి, ఆయుధ పూజనాడు నాన్న కత్తెరకు బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకున్నవాణ్ణి. పైగా ఆఫీసర్ని.

"పూజే కదా. దగ్గరుండి నేను చూసుకుంటాను" అన్నాను.

ఇంజనీరు చేతులు తుడుచుకుంటూ, "మీరు చూసుకుంటానంటే సరేనండి" అన్నాడు.

ఈ సంభాషణ ఇప్పుడు మిగిలిన ఏ రికార్డులోనూ లేదు. ఇప్పుడు చేరుస్తున్నాను.

మర్నాడు ఉదయం అరవై మంది దాకా వచ్చారు. ఆడవాళ్లు పసుపు, కుంకుమ పళ్లాల్లో తెచ్చారు. ఇంజను మూతకు బొట్లు పెట్టారు, చక్రాలకు పూలు చుట్టారు. ఇంజనీరు అటు రెక్క దగ్గర నిలబడి, హారతి కర్పూరం పెట్రోలు మూత దరిదాపులకు రాకుండా కాపలా కాస్తున్నాడు. ఇటు రెక్క నా బాధ్యత.

ఆ రెక్క అంచున ముందుకు పొడుచుకు వచ్చిన సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. మేము పీటో ట్యూబ్ అంటాం. నేల మీద ఉన్నంతసేపూ దానికి ఎర్రగుడ్డ తొడుగు ఉండాలి. పురుగు దూరకుండా, దుమ్ము పడకుండా అన్నమాట. ఎగరబోయే ముందు మాత్రమే దాన్ని తీస్తారు.

"ఈ పుల్లేంటి సారూ?" అన్నాడు పెద్దరైతు.

ఎన్నో ఏళ్లుగా నేను ఎదురుచూసిన ప్రశ్న అది. తొడుగు తీసి చేత్తో పట్టుకున్నాను. గొట్టం రంధ్రం అందరికీ చూపించాను.

"మునేట్లో నడుం లోతు దిగి, ప్రవాహానికి ఎదురుగా అరచెయ్యి పెట్టారనుకోండి. ఏమవుతుంది?"

"చెయ్యి ఎనక్కి తోస్తది."

"వడి పెరిగితే?"

"ఇంకా తోస్తది. పోయినేడు మా గేదే కొట్టుకపోయింది."

"అంతే. ఈ గొట్టం గాలికి ఎదురుగా పెట్టిన అరచెయ్యి. గాలి ఎంత గట్టిగా తోస్తే పైలట్ ముందున్న సూది అంత తిరుగుతుంది. పైలట్‌కు వడి తెలుస్తుంది" అన్నాను. నది వడి కొలవడానికి ఇలాంటి గొట్టాన్ని వెనకటికి ఒక ఫ్రెంచి ఇంజనీరు కనిపెట్టాడని చెప్పాను. ఆయన పుట్టిన ఊరు కూడా చెప్పాను. దాన్ని ఎవరూ అడగలేదు.

పెద్దరైతు మటుకు శ్రద్ధగా విన్నాడు. "అంటే ఇది పని చెయ్యకపోతే ఇమానానికి దాని వడి తెలవదు."

"తెలియదు."

"తెలవకపోతే?"

"లేవాల్సిన చోట లేవదు. ప్రమాదం."

"అయితే కీలకమంతా ఇక్కడే ఉందన్నమాట" అని ఆయన భార్య వైపు తిరిగాడు. "ఏమేవ్, ఆ నిమ్మకాయ ఇట్టా తే."

అప్పటిదాకా ఆ నిమ్మకాయను చక్రం కింద పెడదామనుకున్నారు. దిష్టి తగిలే చోటు ఏదో నేను వివరంగా చెప్పాక చక్రం ఎవరికి కావాలి? నేను గాలి ఒత్తిడి గురించి రెండో అంశంలోకి వెళ్లేలోపు ఆయన నిమ్మకాయను గొట్టానికి గుచ్చి, దాని మీద బొట్టు పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

ఆపలేకపోయావా అని మీరు అడగవచ్చు. ఆపగలిగేవాణ్ణే. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను. కాని నేను చెప్పిన పాఠం అర్థం చేసుకున్న మొదటి విద్యార్థి ఆయన. ఆ ఆనందంలో ఉన్నాను.

జనం వెళ్లాక ఇంజనీరు ఇటు వచ్చాడు. నిమ్మకాయను చూశాడు. నా చేతిలో ఎర్రగుడ్డను చూశాడు.

"ఇదేంటండి?"

"ఉండనీ. సాయంత్రం తీసేసి తుడిచెయ్యి" అని తొడుగు అతని చేతికిచ్చి, జగ్గయ్యపేటలో మా అక్కగారింటికి భోజనానికి వెళ్లిపోయాను. బస్సులో కూర్చున్నాక, ఆ ఫ్రెంచి ఇంజనీరు గురించి ఇంకో విషయం చెప్పడం మరిచిపోయానని బాధపడ్డాను.

మర్నాడు విజయదశమి. పని మొదలుపెట్టడానికి అంతకంటే మంచిరోజు ఉండదని రైతులు, పురుగు ఆగదని కంపెనీ మేనేజరు కలిసి తొందరపెట్టారు. వాన తెరిపిచ్చింది. జగ్గయ్యపేటలో నేను హోటలు ముందు కాఫీ తాగుతుండగా, విజయవాడ నుంచి ముక్త్యాల వైపు సున్నపురాయి తేవడానికి ఖాళీగా వెళ్తున్న లారీ ఒకటి ఆగింది. డ్రైవరు దిగుతూనే, నందిగామ దగ్గర ఇమానం చేలో పడిందని అందరికీ చెప్పాడు. నేను ఫలానా అని చెప్పి నన్ను అక్కడికి తీసుకెళ్లమన్నాను. పాపం, వచ్చిన దారినే లారీని వెనక్కి తిప్పాడు.

"మీరేనా బ్రేకు ఇన్‌స్పెక్టరు?" అన్నాడు దారిలో. "బ్రేకులు పట్టలేదంట కదండి."

వెళ్లేసరికి బీడు చివర, గట్టు అవతల పత్తిచేలో విమానం ముక్కు కిందికి పెట్టి, తోక పైకెత్తి ఉంది. ఒక చక్రం విరిగింది. ప్రొపెల్లరు రెండు రెక్కలూ వెనక్కి వంగాయి. చుట్టూ ఊరంతా ఉంది. గట్టు మీద పైలట్ తెగిన పెదవితో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. నన్ను చూసి చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. తొట్టి నిండా మందుతో విమానాన్ని పరుగెత్తించాడు. వడి చూపించే సూది కొంచెం లేచి అక్కడే కూర్చుంది. ఇంజను లాగడం లేదనుకున్నాడు. లేవనా ఆపనా అనుకునేలోపు బీడు అయిపోయింది. ఆఖరి క్షణంలో తొట్టి మందంతా ఒక్కసారిగా వదిలేశాడు. అది పడిన అర ఎకరంలో ఒక్క పురుగు మిగల్లేదు. ఆకూ మిగల్లేదు.

అందరూ చూస్తుండగా నేను గొట్టం దగ్గరికి వెళ్లాను. బయట శుభ్రంగా తుడిచి ఉంది. నా తనిఖీ సంచిలోని పొడవాటి కొక్కెం తీగ లోపలికి పోనిచ్చి తిప్పి లాగాను. ఎండిన పిప్పీ, దాని వెనకాల ఒక నిమ్మగింజా వచ్చాయి. నిమ్మకాయను గుచ్చినప్పుడు కండ గొట్టంలోకి దిగింది. ఇంజనీరు కనపడినంత మేరా తీశాడు. గింజ ఇంకా లోపలికి జారి, వంపు దగ్గర కూర్చుంది.

ఇంజనీరు నా పక్కనే ఉన్నాడు. ఇద్దరం గింజను చూశాం. నేను దాన్ని కవరులో పెట్టి, పైన "అన్యపదార్థము, ఒకటి" అని రాశాను.

తరువాతి వారం రోజులూ నేను నివేదిక రాశాను. అంత బాగా ఎప్పుడూ రాయలేదు. "తొడుగు తొలగించబడినది" అని రాశాను. "ఫలము అమర్చబడినది" అని రాశాను. ఆ నివేదికలో అన్ని పనులూ జరిగాయి, ఎవరూ ఏమీ చెయ్యలేదు. టైపిస్టు దాన్ని మూడుసార్లు కొట్టి, మూడోసారి, "సార్, ఇందులో మనుషులు లేరేంటండి?" అంది. ప్రభుత్వ నివేదికలు ఇలాగే ఉంటాయమ్మా అన్నాను. అది అబద్ధం కాదు.

అడుగున నాది కాక, ఆ నివేదికలో మనిషి సంతకం ఒకటే ఉంది. ఆ ఉదయం "గొట్టము పరీక్షించితిని, సరిగా ఉన్నది" అన్నచోట ఇంజనీరు పెట్టిన సంతకం. కంపెనీ మేనేజరుకు అదే చాలు. విమానం పోయింది, సీజను పోయింది, రైతులు కంపెనీ మీద మండిపడుతున్నారు. ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. అతని లైసెన్సు రద్దయితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఏడేళ్లు. అప్పటికి అతను హ్యాంగరులో నేల తుడిచే వయసు దాటిపోతాడు.

ఊళ్లో ఇంకో మాట కూడా పుట్టింది. "వాడికి పూజ ఇష్టం లేదు కదా, గింజ ఉన్నా చూడనట్టు ఊరుకుని ఉంటాడు" అని. ఆ మాట నేను హోటల్లో విన్నాను. కాదని చెప్పడానికి నోరు తెరిచి, పెసరట్టు తిన్నాను.

విచారణకు ఢిల్లీ నుంచి పెద్ద ఆఫీసరు వచ్చారు. నందిగామ ట్రావెలర్స్ బంగళాలో బల్ల వేశారు. నిదానస్తుడు, ప్రతి మాటా తన చేత్తో రాసుకునేవారు. ఆయనకు తెలుగు రాదు. సాక్షులకు తెలుగు తప్ప రాదు. ఇద్దరి మధ్యా అనువాదం చెయ్యడానికి శాఖ నన్నే నియమించింది. తప్పు చేసినవాడినే అనువాదకుడిగా కూర్చోబెట్టడం సబబేనా అని ఎవరికీ అనుమానం రాలేదు. తప్పు చేసినవాడెవరో అప్పటికి శాఖలో ఎవరికీ తెలియదు మరి.

ఉదయం ఇంజనీరును అడిగారు. "గొట్టం పరీక్షించారా?"

"బయట తుడిచాను సార్. తీగతో కొంత తీశాను. లోపలిదాకా పరీక్షించే సాధనం బీడులో లేదు. తెప్పించకుండా సంతకం పెట్టాను. తప్పే."

"తొడుగు ఎవరు తీశారు?"

"నేను తియ్యలేదు సార్."

"మరెవరు?"

ఇంజనీరు నా వైపు చూశాడు. మేనేజరు అందుకున్నాడు. "విమానం ఇతని అధీనంలో ఉంది సార్. ఎవరు తీసినా బాధ్యత ఇతనిదే."

ఆఫీసరు రాసుకున్నారు. భోజనాల వేళ నన్ను పక్కకు పిలిచి, "కుర్రాడు మంచివాడే. కానీ లైసెన్సు రద్దు తప్పేలా లేదు. మీరేమంటారు?" అన్నారు. "ఇంకో సాక్షి ఉన్నాడు సార్" అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం పెద్దరైతు వచ్చాడు. కొత్త పంచె, భుజాన కండువా. కూర్చోమంటే కూర్చోకుండా నిలబడే చెప్పాడు. ఆయన దాచుకోవాల్సిందేమీ లేదు.

"పూజ మేమే చేశామండి. నిమ్మకాయ నేనే గుచ్చా. అబద్ధమెందుకు? ఈ సారే ఆ ఎర్రగుడ్డ తీసి, బెజ్జం చూపించి, మునేట్లో చెయ్యి పెడితే ఎట్టా తోస్తదో అట్టాగే ఇది గాలికి ఎదురు పెట్టిన చెయ్యని చెప్పారు. దీనికేమన్నా అయితే ఇమానం లేవదన్నారు. అందుకే దిష్టి దీనికే తీయాలని నాకు తోచింది. సారు అంత వివరంగా చెప్పకపోతే మాకేం తెలుసు? నిమ్మకాయ చక్రం కిందే పెట్టేవాళ్లం."

ఆఫీసరు కలం పట్టుకుని నా వైపు చూశారు. "ఏమంటున్నాడు?"

"పూజ జరిగిందని అంటున్నాడు సార్" అన్నాను ఇంగ్లీషులో.

పెద్దరైతు ఆశ్చర్యపోయాడు. "అదేంటి సారూ, నేను ఇంతసేపు చెప్తే మీరు తుమ్మినంతలో తేల్చారు? మునేరు సంగతి చెప్పారా?"

"చెబుతానండి."

"గేదె సంగతి?"

"అదీ చెబుతాను."

"ఎర్రగుడ్డ మీరు తీశారని చెప్పండి ముందు. లేకపోతే అది మేం తీశామనుకుంటారు. ఒకళ్ల వస్తువు మీద చెప్పకుండా చెయ్యేసే మనుషులం కాదు మేము."

ఆఫీసరు మళ్లీ, "ఇప్పుడేమంటున్నాడు?" అన్నారు.

ఆ గదిలో తెలుగూ ఇంగ్లీషూ రెండూ బాగా వచ్చినవాళ్లం ఇద్దరమే, నేనూ ఇంజనీరూ. మేనేజరు మద్రాసువాడు, తెలుగు అంతంతమాత్రం. పెద్దరైతు చెప్పింది ఇంజనీరు విన్నాడు. నేను చెప్పింది కూడా విన్నాడు. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు, అతని లైసెన్సు అతనికి దక్కుతుంది. అతను ఒళ్లో చేతులు పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు.

నేను మంచినీళ్లు తాగాను. కాగితాలు సర్దాను. సాక్షి మాటలను సరిగ్గా అమర్చుకుంటున్నానని ఆఫీసరుతో చెప్పాను. అబద్ధం చెప్పక్కర్లేదు, కొంచెం తగ్గించి చెబితే చాలునని లోపల లెక్క వేసుకున్నాను. చదువుకున్నవాడికి ఇలాంటి దారులు తొందరగా దొరుకుతాయి. పెద్దరైతు కండువా సర్దుకుంటూ, తన మాట ఇంగ్లీషులో ఎంత పొడుగుంటుందో విందామని నా నోటి వైపు చూస్తున్నాడు.

చివరకు మొదలుపెట్టాను. మునేరు చెప్పాను, గేదెను చెప్పాను, సాక్షి చెప్పని ఫ్రెంచి ఇంజనీరునూ చెప్పాను. "ఈ సారు ఎర్రగుడ్డ తీశారు" అన్నచోట కూడా ఉన్నది ఉన్నట్టు, "ఈ సారు" అనే చెప్పాను.

"ఏ సారు?" అన్నారు ఆఫీసరు.

"నేను, సార్. బయటవాళ్లు విమానాన్ని ముట్టుకోకూడదని ఇంజనీరు అడ్డుచెప్పాడు. నేను చూసుకుంటానని ఒప్పించాను. నిమ్మకాయ గుచ్చుతుంటే ఎదురుగా నిలబడి చూశాను. సాయంత్రం తీసెయ్యమని చెప్పి వెళ్లిపోయాను."

ఆఫీసరు కలం కింద పెట్టారు. మేనేజరు టీ కావాలా అని అందర్నీ అడిగాడు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ తాగలేదు.

కాసేపటికి ఆఫీసరు నాకు బల్లకు అవతలి వైపు కుర్చీ చూపించారు. "మీరు ఇక సాక్షి. ఇటు కూర్చోకూడదు." తరువాత ఆయనకు ఒక ఇబ్బంది తోచింది. "మరి అనువాదం ఎవరు చేస్తారు?"

గదిలో మిగిలింది ఒక్కడే. ఇంజనీరు లేచి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. పెద్దరైతు అతన్ని ఎగాదిగా చూసి, గొంతు సవరించుకుని, "ఇంజనీరుగారూ, నే చెప్పింది చెప్పినట్టు చెప్పాలండి" అన్నాడు. తన మాట ఇక ఆయన చేతిలో ఉంది, మర్యాద తప్పదు. ఇంజనీరు ఒక్క మాట కూడా వదలకుండా చెప్పాడు. నాకంటే బాగా చెప్పాడు. నా ఉపన్యాసం గురించి వచ్చినప్పుడు మాత్రం కొంచెం కుదించాడు. అది దయ అనుకుంటాను.

పరీక్ష పూర్తి చెయ్యకుండా సంతకం పెట్టినందుకు ఇంజనీరుకు మందలింపు పత్రం వచ్చింది. లైసెన్సు నిలబడింది. నా సర్వీసు పుస్తకంలో తప్పిదం నమోదైంది. మూడేళ్లపాటు ఏ విమానాన్నీ తాకకూడదని రికార్డు గదిలో కూర్చోబెట్టారు. నా తరువాత చేరినవాళ్లు నాకంటే పైకి వెళ్లారు. రికార్డు గదిలో దేశంలో జరిగిన ప్రమాదాల ఫైళ్లన్నీ ఉండేవి. అడిగేవాడు లేడు, సంపుటాలు ఏవీ పోలేదు. శిక్ష అని కాగితం మీద రాశారు గానీ నేను మూడేళ్లూ చదువుకున్నాను. అక్కడి నుంచే ఒక సర్క్యులరు కూడా రాసి పంపాను. "విమానమునకు పూజ జరుపు సందర్భములలో పీటో గొట్టపు తొడుగు తీయరాదు. గొట్టమునకు ఎట్టి ఫలమును గుచ్చరాదు." పైవాళ్లు "ఎట్టి ఫలమును" దగ్గర ప్రశ్నార్థకం పెట్టి తిప్పి పంపారు. నేను మళ్లీ పంపాను. చివరికి వెలువడింది.

కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పగలిగింది తక్కువ. తెలిసిన విషయం చెబుతున్నప్పుడు చేతిలో ఏముందో చూసుకోండి. నివేదికలో మనుషులను రాయండి. మిగతా విషయాలు మీ పుస్తకాల్లో ఉన్నాయి.

పేర్లు రాయనన్నాను కాబట్టి కృతజ్ఞతలు కూడా పేర్లు లేకుండానే చెప్పాలి. ఎవరివి వాళ్లు తీసుకోవాలి. రూలు తప్పి శనివారాలు సంపుటాలు ఇచ్చిన లైబ్రేరియన్ గారికి. వచ్చిన దారినే లారీ తిప్పిన డ్రైవరుకు. తెగిన పెదవితో కూడా ఎవరినీ నిందించని పైలట్‌కు. మనుషులు లేరేంటండి అని అడిగిన టైపిస్టుకు. కుర్చీ మార్చుకోమని చెప్పినప్పుడు గొంతు పెంచని ఢిల్లీ ఆఫీసరుకు. తన మాట పూర్తిగా చేరిందా లేదా అని పట్టుబట్టిన పెద్దరైతుకు.

చివరిగా ఇంజనీరుగారికి. చాలా ఏళ్ల తరువాత మద్రాసు విమానాశ్రయంలో కలిశాం. అప్పటికి ఆయన కింద నలభైమంది ఇంజనీర్లు పనిచేస్తున్నారు. క్యాంటీనులో కూర్చున్నాక అడిగాను.

"ఆ రోజు నేను తగ్గించి చెప్పినప్పుడు మీరెందుకు ఊరుకున్నారు?"

"నే చెప్తే అది సాకండి. మీరు చెప్తే రికార్డు."

"నేను చెప్పకపోతే?"

"చెప్పేవాణ్ణేనండి. ఒళ్లో వాచీ చూసుకుంటా కూర్చున్నా. మీకు రెండు నిమిషాలు ఇద్దామనుకున్నా."

ఆ రెండు నిమిషాలకు ఆయనకు కృతజ్ఞతలు. అందులో నేను ఒకటిన్నర నిమిషం వాడుకున్నానట.